సుప్రీంకోర్టు గడప తొక్కని జడ్జికి ఇంత పేరెలా వచ్చింది: లెర్నెడ్ హ్యాండ్ సంగతి

మీరు అడిగినవి రెండు. టార్ట్స్ (నిర్లక్ష్యం లాంటి తప్పులవల్ల కలిగిన నష్టానికి పరిహారం తేల్చే చట్టం) క్లాసులో ‘హ్యాండ్ ఫార్ములా’ చెప్పారు, తీరా చూస్తే ఆ హ్యాండ్ అనే ఆయన అమెరికా సుప్రీంకోర్టు జడ్జి కాదు, అప్పీలు కోర్టు దగ్గరే ఆగిపోయాడు, మరి ఆయన తీర్పులు ఇన్నేళ్ల తర్వాత మనమెందుకు చదవాలి అన్నది ఒకటి. అక్కడి అప్పీలు కోర్టు అంటే మన హైకోర్టేనా అన్నది రెండోది. చాలా ఏళ్లుగా హైకోర్టులో అప్పీళ్ల మీదే బతుకుతున్నవాణ్ని, ఈయన తీర్పులంటే కొంచెం పిచ్చి ఉన్నవాణ్ని కూడా. అందుకని సమాధానం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు రెండోది. మన హైకోర్టుకి రిట్లు, సివిల్ అప్పీళ్లు, బెయిళ్లు, సర్వీసు మ్యాటర్లు అన్నీ వచ్చి పడతాయి. అమెరికా ఫెడరల్ అప్పీలు కోర్టు పని అలా ఉండదు. దాన్ని సర్క్యూట్ కోర్టు అంటారు, ఇప్పుడు అలాంటివి 13 ఉన్నాయి. సాక్షులు, జ్యూరీ, విచారణ అంతా కింద డిస్ట్రిక్ట్ కోర్టులో అయిపోతుంది. సర్క్యూట్ కోర్టులో మామూలుగా ముగ్గురు జడ్జీల బెంచి కూర్చుని, కింది కోర్టు రికార్డు, రెండు పక్షాల బ్రీఫులు (రాతపూర్వక వాదనలు) చదివి, కాసేపు వాదన విని, తీర్పు రాస్తుంది. రాష్ట్ర కోర్టుల్లో నడిచిన కేసుల మీద అప్పీళ్లు దాని దగ్గరకి రావు, వాటి దారి వేరు. జడ్జిని ప్రెసిడెంట్ నామినేట్ చేస్తే సెనేట్ ఆమోదించాలి. ఒకసారి కూర్చున్నాక జీవితాంతం కుర్చీ ఆయనదే. మన హైకోర్టు జడ్జి 62కి దిగిపోతారు. హ్యాండ్ జడ్జిగా ఉన్నది 52 ఏళ్లు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. హ్యాండ్ అప్పీలు కోర్టుకి వచ్చింది 1924లో. ఆ మరుసటి ఏడే, 1925లో, ఏ కేసులు వినాలో ఏవి అక్కర్లేదో చాలావరకు సుప్రీంకోర్టే ఎంచుకునేలా చట్టం మారింది. దాంతో మామూలు వ్యాపార తగాదాలకి, ఓడల కేసులకి, పన్ను కేసులకి సర్క్యూట్ కోర్టే ఆఖరి మాట అయిపోయింది. పైగా ఈయనది సెకండ్ సర్క్యూట్, అంటే న్యూయార్క్, కనెక్టికట్, వెర్మాంట్. అప్పట్లో దేశంలోని పెద్ద బ్యాంకులు, స్టాక్ మార్కెట్, పుస్తక ప్రచురణ, అతి పెద్ద ఓడరేవు అన్నీ ఆ పరిధిలోనే. సుప్రీంకోర్టు జడ్జి కాలేదు అన్నప్పుడు ఈ లెక్క కూడా మనసులో పెట్టుకోవాలి.

ఇప్పుడు మనిషి గురించి. 1872 జనవరి 27న న్యూయార్క్ రాష్ట్ర రాజధాని ఆల్బనీలో పుట్టాడు. పూర్తి పేరు బిల్లింగ్స్ లెర్నెడ్ హ్యాండ్. కోర్టులో మనం అనుకునే ‘లెర్నెడ్ కౌన్సెల్’ లాంటి బిరుదు కాదది, తల్లి పుట్టింటి పేరు. తండ్రి శామ్యూల్ పెద్ద వకీలు, కొద్దికాలం న్యూయార్క్ అత్యున్నత కోర్టులో జడ్జి కూడా. కొడుక్కి 14 ఏళ్లప్పుడు పోయాడు. ఆ తండ్రి స్థాయిని తాను అందుకోలేనన్న దిగులు హ్యాండ్‌ని జీవితాంతం వదల్లేదు. హార్వర్డ్‌లో చదివింది ఫిలాసఫీ; విలియం జేమ్స్, జోసయా రాయిస్, శాంటయానా లాంటివాళ్లు పాఠం చెప్పారు. తర్వాత అక్కడే లా. ఆల్బనీలో కొన్నేళ్లు ప్రాక్టీసు చేశాడుగానీ విసుగొచ్చి 1902లో న్యూయార్క్ నగరానికి మారాడు. అక్కడా వకీలుగా పెద్దగా వెలగలేదు. మంచి జడ్జి కావాలంటే ముందు గొప్ప అడ్వకేటు అయి తీరాలని మన బార్‌లో ఒక నమ్మకం ఉంది చూడండి, దానికి ఈయన సూటి జవాబు.

1909లో ప్రెసిడెంట్ టాఫ్ట్ ఆయన్ని డిస్ట్రిక్ట్ జడ్జిగా వేశాడు. వయసు 37. కుర్చీలో ఉండి చేయకూడని పని ఒకటి 1913లో చేశాడు: థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున న్యూయార్క్ అత్యున్నత కోర్టు చీఫ్ జడ్జి పదవికి ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. అప్పటికి అది నేరమేమీ కాదుగానీ, జడ్జిగా ఉంటూ అలా నిలబడాల్సింది కాదని తర్వాత ఆయనే అనుకున్నాడు. నిజంగా దెబ్బ తగిలింది మాత్రం 1917లో, ఒక తీర్పు వల్ల.

అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన ఏడాది అది. ‘ద మాసెస్’ అనే వామపక్ష పత్రికని పోస్టులో పంపడానికి న్యూయార్క్ పోస్ట్‌మాస్టర్ ఒప్పుకోలేదు. కొత్తగా వచ్చిన ఎస్పియొనేజ్ (గూఢచర్య) చట్టం కింద యుద్ధానికి అడ్డుపడే రాతలు నేరం, ఈ కార్టూన్లు, కవితలు చదివితే కుర్రాళ్లు సైన్యంలో చేరరు అన్నది ప్రభుత్వ వాదన. హ్యాండ్ పత్రిక పక్షాన ఇంజంక్షన్, అంటే దాన్ని ఆపొద్దని పోస్ట్‌మాస్టర్‌కి ఉత్తర్వు, ఇచ్చాడు. ఆయన గీసిన గీత ఇది: చట్టాన్ని ఉల్లంఘించమని నేరుగా పురిగొల్పే మాట వేరు, ప్రభుత్వం మీద ఎంత మంట పుట్టించేదైనా విమర్శ వేరు. రాతవల్ల రేపు ఏమైనా జరగొచ్చేమో అని ఊహించి శిక్షిస్తే ఏ విమర్శా మిగలదు కాబట్టి, మాటల్లో ఏముందో చూడాలి అన్నాడు. కొన్ని నెలల్లోనే అప్పీలు కోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. హ్యాండ్‌కి దక్కుతుందనుకున్న ప్రమోషన్ కూడా పోయింది.

1918లో ఆ అప్పీలు కోర్టులోకి వెళ్లింది మార్టిన్ మాంటన్. ఆ పేరు గుర్తుపెట్టుకోండి. సీనియారిటీ వల్ల అతనే ఆ కోర్టుకి పెద్ద అయ్యాడు, 1924లో వచ్చిన హ్యాండ్ అతని కింద పనిచేశాడు. 1939లో మాంటన్ కేసుల్లో పార్టీల దగ్గర డబ్బు తీసుకున్నాడని బయటపడి, రాజీనామా చేసి, శిక్షపడి జైలుకి వెళ్లాడు. అప్పుడు ఆ పెద్ద కుర్చీ హ్యాండ్‌కి వచ్చింది. కోర్టు పరువు నిలబెట్టే పని ఆయన నెత్తిన పడింది. 1951 దాకా అది చూసుకున్నాడు.

ఇక మీ ఫార్ములా. 1944 జనవరి, న్యూయార్క్ రేవు, యుద్ధకాలపు రద్దీ. ‘అన్నా సి’ అనే బార్జి (సొంత ఇంజను లేని సరుకు పడవ) నిండా ప్రభుత్వం వారి పిండి. దాన్ని మిగతా బార్జీలతో కలిపి తాళ్లతో రేవుకి కట్టారు. ‘కారల్’ అనే టగ్ బోటు (బార్జీల్ని లాగే పడవ) వాళ్లు ఇంకో బార్జిని బయటకి లాగడానికి తాళ్లు సర్దారు, కట్టు సరిగ్గా పడలేదు, వరస మొత్తం తెగి కొట్టుకుపోయింది. ‘అన్నా సి’ వెళ్లి ఒక ట్యాంకర్‌ని గుద్దుకుంటే దాని ప్రొపెల్లర్ అడుగున చిల్లు పెట్టింది. దగ్గర్లోని టగ్ బోట్ల దగ్గర పంపులున్నాయి, నీళ్లు తోడి కాపాడేవాళ్లే. కానీ చిల్లు పడ్డ సంగతి చెప్పడానికి బార్జి మీద మనిషి లేడు. కాపలా ఉండాల్సినవాడు ముందురోజు సాయంత్రం 5 గంటలకి దిగిపోయాడు. ప్రమాదం జరిగింది మర్నాడు మధ్యాహ్నం. మధ్యలో 21 గంటలు. ఎందుకు లేవంటే కట్టుకథ చెప్పాడు.

మరి మనిషిని పెట్టకపోవడం బార్జి యజమాని నిర్లక్ష్యమా? 1947 తీర్పులో హ్యాండ్ మూడు అక్షరాలు పెట్టాడు. ప్రమాదం జరిగే అవకాశం ‘పి’, జరిగితే నష్టం ‘ఎల్’, జరక్కుండా చూసుకోవడానికి పెట్టాల్సిన శ్రమా ఖర్చూ ‘బి’. పి, ఎల్‌ల లబ్ధం కన్నా బి తక్కువగా ఉండి కూడా జాగ్రత్త తీసుకోకపోతే నిర్లక్ష్యమే. జనవరిలో పొద్దు చిన్నది, రేవులో బార్జీల్ని ఎడాపెడా కదుపుతున్న రోజులు, కాబట్టి పగటి పనివేళల్లో మనిషి ఉండాల్సిందే అని తేల్చాడు. రాత్రిపూట కూడా ఉండాలా అన్నది ఆ కేసుకి అక్కర్లేదు కాబట్టి ముట్టుకోలేదు. ఈ ముట్టుకోకపోవడం గమనించండి. చాలామంది జడ్జీలు అక్కడ ఇంకో పది పేజీలు రాసేస్తారు.

క్లాసులో దీన్ని లెక్కల సూత్రంలా చెబుతారు. ఆ కీర్తిలో సగం 1970లలో ఆర్థికశాస్త్రాన్ని చట్టానికి అన్వయించిన రిచర్డ్ పోస్నర్‌ది. ఆయన తర్వాత తానే అప్పీలు కోర్టు జడ్జి అయ్యాడు. హ్యాండ్‌కి మాత్రం ఆ భ్రమ లేదు. 1949లో ఇంకో కేసులో ఈ సూత్రమే ఎత్తుకుని, కొలతకి లొంగనివాటిని కొలవాల్సి రావడమే ఇందులో చిక్కు అని రాశాడు. పరీక్షలో ఆ ముక్క కూడా రాయండి, మార్కులు పడతాయి.

నాకు దానికన్నా ఇష్టమైనది 1932 నాటి టి.జె. హూపర్ కేసు. 1928 మార్చిలో రెండు టగ్ బోట్లు వర్జీనియాలోని నార్‌ఫోక్ నుంచి బొగ్గు బార్జీల్ని లాక్కుంటూ న్యూయార్క్ బయల్దేరాయి. న్యూజెర్సీ తీరం దగ్గర తుఫాను పట్టుకుంది, రెండు బార్జీలు మునిగాయి. ఆర్లింగ్టన్ స్టేషన్ నుంచి రోజుకి రెండుసార్లు వాతావరణ హెచ్చరిక రేడియోలో వచ్చేది. అదే దారిలో వెళ్తున్న వేరే టగ్ బోట్లు అది విని డెలావేర్ దగ్గర రక్షణగోడ చాటుకి చేరి బతికిపోయాయి. వీళ్ల బోట్లలో పనిచేసే రేడియో లేదు. ఆ రోజుల్లో టగ్ బోట్లలో రేడియో పెట్టే ఆనవాయితీ ఇంకా లేదు కదా, అందరూ చేసేదే మేమూ చేశాం అన్నది వాళ్ల వాదన. మన దగ్గర కూడా రోజూ వినే వాదనే ఇది. హ్యాండ్ జవాబు: ఒక వృత్తి మొత్తం కొత్త పరికరం వాడడంలో వెనకబడి ఉండొచ్చు. ఏది తగిన జాగ్రత్త అన్నది చివరికి కోర్టు చెబుతుంది. కొన్ని జాగ్రత్తలు ఎంత తప్పనిసరివంటే, లోకంలో ఎవ్వరూ పాటించకపోయినా పాటించనందుకు అది సాకు కాదు. తీర్పు మొత్తం కలిపినా నాలుగైదు పేజీలు దాటదు.

పన్ను చట్టం మీద ఆయన పేరు మీకు ముందుముందు తగులుతుంది. గ్రెగరీ అనే ఆవిడ తన కంపెనీ చేతిలో ఉన్న షేర్లని తక్కువ పన్నుతో బయటకి తెచ్చుకోవాలని 1928 సెప్టెంబరులో ఒక కొత్త కంపెనీ పెట్టింది, షేర్లు అందులోకి మార్చింది, ఆరు రోజుల్లో దాన్ని మూసేసి షేర్లు చేతికి తెచ్చుకుని అమ్మేసింది. కాగితాల మీద అంతా సెక్షన్ ప్రకారమే. హ్యాండ్ 1934 తీర్పులో ముందు పన్ను చెల్లింపుదారు పక్షాన మాట్లాడాడు: పన్ను వీలైనంత తగ్గేలా వ్యవహారాలు సర్దుకునే హక్కు ఎవరికైనా ఉంది, ఖజానాకి లాభం చేకూర్చే దారే ఎంచుకోవాలన్న దేశభక్తి రూలేమీ లేదు. చార్టర్డ్ అకౌంటెంట్లు ఇష్టంగా చెప్పుకునే వాక్యం అది. కానీ ఫలితం ఆవిడకి వ్యతిరేకం. చట్టం ‘పునర్‌వ్యవస్థీకరణ’ అన్నప్పుడు వ్యాపారం కోసం చేసినదాని గురించి మాట్లాడుతోంది, ఈ ఆరు రోజుల కంపెనీ వ్యాపారమే చేయలేదు అన్నాడు. 1935లో సుప్రీంకోర్టు ఆ ఫలితాన్నే ఖాయం చేసింది. మన దగ్గర ఇదే గొడవ 1985లో మెక్‌డోవెల్ కేసులో, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీల్లో, సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. అందులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు రాసిన విడి అభిప్రాయాన్ని గ్రెగరీ తీర్పు పక్కన పెట్టి చదవండి. చిన్నప్పరెడ్డిగారిది కొరడా, హ్యాండ్‌ది చిన్న కత్తి.

ఆయన మాట నేరుగా మన సుప్రీంకోర్టులోకి వచ్చిన సందర్భం కూడా ఉంది. 1981లో కె.పి. వర్గీస్ కేసులో, ఆదాయపు పన్ను చట్టంలోని 52వ సెక్షన్‌ని అక్షరాలా చదివితే అన్యాయం జరుగుతుందంటూ, జస్టిస్ భగవతి హ్యాండ్‌ని కోట్ చేశారు. నిఘంటువుని కోటగోడ చేసుకుని కూర్చోకపోవడం పరిణతి చెందిన న్యాయశాస్త్రానికి లక్షణం అన్నది ఆ మాట సారం. హ్యాండ్ అది రాసింది 1945లో. మన వకీళ్లు ఇప్పటికీ వాడుతూనే ఉంటారు, చాలామందికి మూలం ఎవరిదో తెలియకుండానే.

కాపీరైట్ కూడా ఒక్క ముక్కలో చెబుతాను. 1930లో ఒక నాటక రచయిత్రి యూనివర్సల్ పిక్చర్స్ మీద కేసు వేసింది. ఒక యూదు కుటుంబం, ఒక ఐరిష్ కుటుంబం, పిల్లలు ప్రేమించి పెళ్లి చేసుకోవడం, తండ్రుల కొట్లాట, మనవడు పుట్టాక కలిసిపోవడం. మన సినిమాల్లో ఇలాంటివి ఎన్ని చూశామో లెక్కలేదు! హ్యాండ్ ఏమన్నాడంటే, ఏ కథ మీద నుంచైనా వివరాలు ఒక్కొక్కటీ తీసేస్తూ పోతే చివరికి మిగిలేది వట్టి ఆలోచన, దాని మీద ఎవరికీ హక్కు ఉండదు. ఆ గీత ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆవిడ ఓడిపోయింది. మా కథ కొట్టేశారంటూ వచ్చే క్లయింట్లకి నేను ముందు చెప్పేది ఈ కేసే.

సుప్రీంకోర్టుగా కూర్చోకుండానే సుప్రీంకోర్టు పని చేసిన సందర్భం అల్యూమినియం కంపెనీ అల్కోవా కేసు. నలుగురు సుప్రీంకోర్టు జడ్జీలు తప్పుకోవడంతో కోరం (కేసు వినడానికి కావాల్సిన కనీస సంఖ్య) లేకపోయింది. 1944లో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టం సవరించి, అలాంటప్పుడు సర్క్యూట్ కోర్టులోని ముగ్గురు సీనియర్లే ఆఖరి తీర్పు చెప్పొచ్చంది. 1945లో హ్యాండ్ రాసిన ఆ తీర్పు, మార్కెట్లో 90 శాతం ఉంటే గుత్తాధిపత్యమే అంది. విదేశంలో కుదుర్చుకున్న ఒప్పందమైనా దాని ప్రభావం దేశంలో పడేలా చేస్తే అమెరికా చట్టం వర్తిస్తుందనీ అంది. మన కాంపిటీషన్ చట్టం 32వ సెక్షన్‌లో ఉన్నది ఆ ఆలోచనే.

మరి సుప్రీంకోర్టుకి ఎందుకు వెళ్లలేదు? పేరు చాలాసార్లు వచ్చింది. అన్నిటికన్నా దగ్గరికి వచ్చింది 1942లో. సుప్రీంకోర్టులో ఉన్న జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని ఊపిరాడనివ్వకుండా సిఫారసులతో ముంచెత్తాడు. అది బెడిసికొట్టిందని కూడా అంటారు. అసలు అడ్డం వయసు. 1937లో డెబ్బై దాటిన జడ్జీలు పని చేయలేకపోతున్నారంటూ కోర్టు మీద యుద్ధం చేసిన ప్రెసిడెంట్ తానే వెళ్లి డెబ్బై నిండినవాణ్ని ఎలా వేస్తాడు? 48 ఏళ్ల వైలీ రట్లెడ్జ్‌ని వేశాడు. రట్లెడ్జ్ 1949లో పోయాడు. హ్యాండ్ ఆ తర్వాత ఇంకో 12 ఏళ్లు తీర్పులు రాశాడు.

1944 మే 21న సెంట్రల్ పార్కులో చేసిన చిన్న ప్రసంగంతో ఆయన పేరు మామూలు జనానికి తెలిసింది. కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లతో ప్రమాణం చేయించే సభ అది. స్వేచ్ఛ మనుషుల గుండెల్లో ఉండాలి, అక్కడ చచ్చిపోతే ఏ రాజ్యాంగం, ఏ కోర్టు కాపాడలేదు అన్నాడు. తాను చెప్పేదే సరైనదని మరీ గట్టిగా నమ్మకపోవడమే స్వేచ్ఛ స్వభావం అనీ అన్నాడు. యుద్ధం నడుమ ఒక జడ్జి ఈ మాట అనడం చిన్న విషయం కాదు. ఆ అనుమానం ఆయనకి అలంకారమూ కాదు. తీర్పుల్ని చేత్తో రాసి, కొట్టేసి, మళ్లీ రాసేవాడు. లా క్లర్కుల (జడ్జికి సాయపడే కుర్ర లాయర్ల) చేత రాయించేవాడు కాదు. తన డ్రాఫ్టులో తప్పులు పట్టడమే వాళ్ల పని.

అయితే ఈ వినయానికి ఖరీదు కూడా ఉంది, ఆయన అభిమానులు దాన్ని దాటేస్తుంటారు. 1950లో పదకొండు మంది కమ్యూనిస్టు పార్టీ నాయకుల శిక్షల మీద అప్పీలు, డెన్నిస్ కేసు, ఆయన ముందుకి వచ్చింది. అప్పుడే కొరియా యుద్ధం మొదలైంది. 1917లో పత్రికని కాపాడిన మనిషి ఇప్పుడు శిక్షల్ని ఖాయం చేశాడు. కీడు ఎంత పెద్దది, జరిగే అవకాశం ఎంత తక్కువ, రెండూ బేరీజు వేసి చూడాలన్నాడు. బార్జి ఫార్ములాయే మాటల మీదికి వచ్చిందన్నమాట. తాళ్ల విషయంలో బాగా పనిచేసిన తూకం, భయం ఊరంతా పాకిన రోజుల్లో పౌరుల మాటల మీద పెడితే ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు. సుప్రీంకోర్టు 1951లో దాన్నే స్వీకరించింది. పై కోర్టు ముందే వేసిన దారి నుంచి కింది కోర్టు జడ్జి పక్కకి పోకూడదన్నది ఆయన సమర్థన. నాకది సరిపోదు. 1950 డిసెంబరులోనే గూఢచారి అని ఆరోపణ ఉన్న జుడిత్ కోప్లాన్ శిక్షని, ఆమె నేరం స్పష్టమే అంటూనే, వారెంటు లేని అరెస్టు, ఫోన్ల ట్యాపింగ్ కారణంగా రద్దు చేసిందీ ఆయనే.

1958లో, 86 ఏళ్ల వయసులో, హార్వర్డ్‌లో మూడు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఎన్నికైన సభలు చేసిన చట్టాల్ని కోర్టులు కొట్టేయడం మీద తనకి ఎంత అపనమ్మకమో చెబుతూ, బడుల్లో నల్లవాళ్లని వేరుగా ఉంచకూడదన్న 1954 నాటి బ్రౌన్ తీర్పుకి కూడా సరైన ఆధారం కనబడదన్నాడు. వేర్పాటు ఉండాలని కాదు, కోర్టు అలా చేయకూడదని. కానీ ఓటు హక్కే అందనివ్వని జనాన్ని ఎన్నికైన సభ దగ్గరకి పొమ్మనడం ఏం న్యాయం? ఆయన మిత్రులు కూడా చాలామంది ఇక్కడ ఆయనతో ఏకీభవించలేదు. 1961 ఆగస్టు 18న చనిపోయాడు.

1969లో సుప్రీంకోర్టు బ్రాండెన్‌బర్గ్ కేసులో, చట్టవిరుద్ధ చర్యకి వెంటనే పురిగొల్పే మాటల్నే శిక్షించొచ్చు అని తేల్చింది. అందులో సగం 1917 నాటి హ్యాండ్ గీతే అంటారు పండితులు. కొట్టేసిన తీర్పు గెలిచింది, ఖాయమైన డెన్నిస్ తీర్పు వెనక్కి పోయింది.

చదవడం ఎక్కడ మొదలెట్టాలో కూడా చెప్పేస్తాను. ముందు టి.జె. హూపర్, వెంటనే కారల్ టోయింగ్, అంటే పైన చెప్పిన ‘అన్నా సి’ బార్జి కేసు. రెండూ కలిపి ఒక పూట పని. తర్వాత గ్రెగరీ. మాసెస్, డెన్నిస్ తీర్పులు మాత్రం ఒకే రోజు, ఆ వరసలోనే చదవండి. డెన్నిస్ తీర్పు పొడుగు, మధ్యలో వదిలేయకండి, పురిగొల్పడం మీద రాసిన భాగం చాలా లోపల ఉంటుంది.